గీత దాటిన మాటకు ఫోనులో దడి

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాను వీడి మద్రాసు రాష్ట్రంలో చేరింది. పటాస్కర్ సిఫారసుల మేరకు జరిగిన ఆ మార్పులోనే సత్యవేడు ప్రాంతం అటు ఆంధ్రకు వెళ్ళింది. పటంలో గీత జరిగింది గాని చుట్టరికాలు జరగలేదు. నగరి, పుత్తూరు, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, తిరుత్తణి, ఊత్తుకోట ప్రాంతాల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడం నేటికీ సాగుతూనే ఉన్నది.

ఆ గీతను తు.చ. తప్పకుండా పాటించినది టెలిఫోను ఒక్కటే. బస్సులో గంట ప్రయాణం కూడా లేని వియ్యంకుల ఇంటికి ఎస్.టి.డి. రేటు కట్టవలసి వచ్చేది. 2006 మార్చి 1న బి.ఎస్.ఎన్.ఎల్. 'వన్ ఇండియా' పథకంతో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నప్పుడు సరిహద్దు గ్రామాలకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. సెల్‌ఫోను వచ్చాక రోమింగు బెడద తోడైంది. ఆంధ్ర ఒక సర్కిలు, తమిళనాడు మరొక సర్కిలు. చేను గట్టు మీద నిలబడిన రైతు ఫోను అవతలి రాష్ట్రపు టవరును పట్టుకుంటే, మనిషి కదలకుండానే రుసుము కదిలేది. నగరి నుండి తిరుత్తణికి కాపురానికి వచ్చిన ఆడపిల్ల పుట్టింటి నంబరును వదులుకోవడమో, రోమింగు భరించడమో చేయవలసి ఉండేది.

ఆ కష్టాలు ఒక్కొక్కటిగా తీరాయి. నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20న దేశమంతటా అమలులోకి వచ్చింది. 2015 జూలై 3 నుండి సర్కిలు దాటినా అదే నంబరు ఉంచుకోవచ్చునన్నారు. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశం చేసిన తరువాత, 2017 నాటికి దేశంలోపలి రోమింగు రుసుములు దాదాపు కనుమరుగయ్యాయి. ప్రభుత్వం నియమంతోను, కంపెనీలు పోటీతోను ఆ విధంగా గీతను చెరిపివేశాయి.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే మరొక దడి లేచింది. అది రెండు రాష్ట్రాల మధ్య లేచినది కాదు, చేతిలోని ఫోనులోపల లేచినది. నంబరును ఒక కంపెనీ నుండి మరొక కంపెనీకి తీసుకుపోయే హక్కు మనకు ఉన్నది. పదేళ్ళ సంభాషణలను, ఫోటోలను, కుటుంబపు గ్రూపును ఒక యాప్ నుండి మరొక యాప్‌కు తీసుకుపోయే హక్కు మాత్రం లేదు. ఆ దడి ఎలా అల్లారో తెలుసుకోవడం ఫోను కొనబోయే ప్రతి కుటుంబానికీ అవసరం.

నోకియా నేర్పిన పాఠం

ఈ కథలో మొదటి ఘట్టం మన పెరట్లోనే జరిగింది. తిరువళ్ళూరుకు దక్షిణాన ఉన్న శ్రీపెరుంబుదూరులో 2006లో నోకియా కర్మాగారం మొదలైంది. చుట్టుపక్కల జిల్లాల యువతీ యువకులు వేల సంఖ్యలో అక్కడ పనికి కుదిరారు. ఆ రోజులలో నోకియా అంటే జనానికి గల నమ్మకం ఎద్దుల జతలో ఒంగోలు జాతికి గల నమ్మకం వంటిది. కింద పడినా పగలదు, చార్జింగు రోజుల తరబడి నిలుస్తుంది, టార్చి ఉన్నది. ఆ అభిమానం వస్తువు మీది అభిమానం. నోకియా వాడే మేనమామ, వేరే ఫోను వాడే మేనల్లునికి ఎస్.ఎం.ఎస్. పంపితే తేడా లేకుండా చేరేది. ఎవరి ఫోను వారి ఇష్టం.

2014 నవంబరు 1న ఆ కర్మాగారం ఉత్పత్తి నిలిపివేసింది. నోకియా పతనానికి, కర్మాగారం మూతకు పన్ను వివాదం మొదలుకొని పలు కారణాలు కలవు. అయితే జనం నోకియాను ఎందుకు వదిలారన్న ప్రశ్నకు జవాబులో యాప్‌లకు పెద్ద భాగమే ఉన్నది. ఫోను గట్టిదే గాని, మనుషులు వేరే చోటికి మారిపోయారు. వాట్సాప్ సంస్థ పాత నోకియా ఎస్60 ఫోన్లకు 2017 జూన్ 30తోను, ఎస్40 ఫోన్లకు 2018 డిసెంబరు 31తోను, విండోస్ ఫోన్లకు 2019 డిసెంబరు 31తోను సేవలు ఆపివేసింది. బటన్లన్నీ పనిచేస్తూ, గంట మోగుతూ ఉన్న ఫోను కూడా ఆ తేదీ తరువాత పెళ్ళి గ్రూపులో ఉండలేకపోయింది. 2025 జనవరి నుండి పాత కిట్‌క్యాట్ రకం ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా ఇదే గతి పట్టింది.

ఇందుకు ఎదురు ఉదాహరణ జియోఫోను. 1,500 రూపాయల డిపాజిట్టుతో 2017లో ప్రకటించిన ఆ చిన్న బటన్ల ఫోనులో మొదట వాట్సాప్ లేదు. 2018 సెప్టెంబరులో అది వచ్చింది. ఫోనును నిలిపేది, ముంచేది అందులోని సందేశపు యాప్ అని ఫోను కంపెనీలకు అప్పటికే బాగా అర్థమైంది.

నీలి బుడగ, పచ్చ బుడగ

ఈ విద్యను ముందుగా కనిపెట్టినది బ్లాక్‌బెర్రీ. 2005లో అది తెచ్చిన బి.బి.ఎం. సందేశాలు ఒక బ్లాక్‌బెర్రీ నుండి మరొక బ్లాక్‌బెర్రీకి మాత్రమే పోయేవి. స్నేహితుల వద్ద ఆ ఫోను ఉంటే తానూ అదే కొనవలసి వచ్చేది. 2013లో, ఆట చేజారిన తరువాత, తలుపులు తెరిచి ఆండ్రాయిడ్, ఐఫోన్లకు కూడా ఇచ్చారు. అప్పటికి జనం వాట్సాప్‌లో స్థిరపడిపోయారు. 2019 మే 31న సామాన్య వినియోగదారుల బి.బి.ఎం. మూతపడింది.

ఆ పాఠాన్ని ఆపిల్ తనదైన తీరులో నేర్చుకున్నది. 2011లో ఐమెసేజ్ వచ్చింది. ఐఫోను నుండి ఐఫోనుకు పోయే సందేశం నీలి బుడగలో కనిపిస్తుంది; వేరే ఫోనుకు పోయేది అప్పట్లో మామూలు ఎస్.ఎం.ఎస్. అయి పచ్చ బుడగలో కనిపించేది. రంగు ఒక్కటే తేడా అయితే చింత లేదు. పచ్చ బుడగ వారికి పంపిన వీడియో మసకబారిపోయేది, గ్రూపులో ఒక్క ఆండ్రాయిడ్ చేరినా సౌకర్యాలు తగ్గిపోయేవి. అమెరికాలో వాట్సాప్ కంటే ఫోనుతో వచ్చే సందేశాల వాడకమే ఎక్కువ గనుక, అక్కడి బడులలో పచ్చ బుడగ పిల్లవాడు గ్రూపునకు బరువయ్యాడు. డాలసులోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన ఊరి బిడ్డలు తమ పిల్లలకు ఐఫోనే ఎందుకు కొనవలసి వస్తున్నదో ఇక్కడి అవ్వ తాతలకు అర్థం కాకపోవడానికి ఇదే కారణం.

ఇది యాదృచ్ఛికం కాదనడానికి ఆపిల్ అధికారుల ఉత్తరాలే సాక్ష్యం. ఎపిక్ గేమ్స్ వేసిన దావాలో 2021లో అవి వెలుగు చూశాయి. ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు ఇస్తే, ఐఫోను వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి ఉన్న అడ్డంకి తొలగిపోతుందని 2013లో క్రెయిగ్ ఫెడరీగీ అనే ఉన్నతాధికారి వ్రాశారు. అలా ఇవ్వడం మనకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని 2016లో ఫిల్ షిల్లర్ అనే మరొక అధికారి వ్రాశారు. తన తల్లికి వీడియోలు సరిగా చేరడం లేదని 2022 సెప్టెంబరులో ఒక సభలో ఒకాయన అడిగితే, అమ్మగారికి ఐఫోను కొనివ్వమని ఆ సంస్థ అధిపతి టిమ్ కుక్ బదులిచ్చారు. నవ్వులాటగానే అన్నా, వ్యాపార సూత్రమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

అమెరికా న్యాయశాఖ 2024 మార్చి 21న న్యూజెర్సీలోని ఫెడరల్ న్యాయస్థానంలో ఆపిల్‌పై వేసిన గుత్తాధిపత్యపు దావాలో ఈ పచ్చ బుడగల ప్రస్తావన కూడా చేసింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆపిల్ ఆర్.సి.ఎస్. అనే కొత్త పద్ధతిని అంగీకరించి, ఫోటోలు, వీడియోలు కొంత మెరుగుగా ఇచ్చిపుచ్చుకునే వీలు కల్పించింది. రంగు మాత్రం పచ్చగానే ఉంచింది.

ఆ ఐఫోన్లు నేడు తయారయ్యే చోట్లలో ఒకటి శ్రీపెరుంబుదూరు దాపునే ఉన్న సుంగువార్‌సత్రం. అక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 2019లో ఐఫోను ఎక్స్.ఆర్. తయారీ మొదలైంది. కూర్చే చేతులు మనవి, కొనే చేతులు ఎక్కువగా పరాయివి.

మన వద్ద దడి వేరు

మన పల్లెలలో నీలి, పచ్చ బుడగల తగాదా లేదు. ఇక్కడ అందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు. అది ఆండ్రాయిడ్ ఫోనులోను, ఐఫోనులోను నడుస్తుంది. 2009లో జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ స్థాపించిన ఆ సంస్థను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు 2014లో ఫేస్‌బుక్ ప్రకటించింది. అంత ధర యాప్‌కు కాదు, అందులోని మనుషులకు.

దాని రూపకల్పనలోని నేర్పు మొదటి అడుగులోనే కనిపిస్తుంది. పాస్‌వర్డు అడగదు. ఫోను నంబరు చాలును. ఫోనులోని నంబర్లు చూసి, తెలిసిన వారిలో ఎవరెవరు అక్కడ ఉన్నారో తానే చూపిస్తుంది. చదువు రాని అవ్వకు కూడా మనుమడు ఒక్క నిమిషంలో పెట్టివ్వగలడు. లోపలికి రావడం ఇంత సులభం కాబట్టే ఊరంతా వచ్చింది. ఊరంతా ఉన్నది కాబట్టి ఒక్కరు బయటికి పోవడం కష్టం. సంతను పోలిన విషయమిది. పక్క ఊరి సంత మేలైనదే కావచ్చు, అమ్మేవారూ కొనేవారూ అక్కడ లేకుంటే ఒంటరిగా వెళ్ళి ఏమి ప్రయోజనం?

ఇక చిన్న చిన్న గుర్తులు. 2014 నవంబరులో వచ్చిన నీలి టిక్కులు మీరు చదివారని అవతలి వారికి చెబుతాయి. చదివి జవాబివ్వకపోతే మాట పడవలసి వస్తుంది. 'చివరిగా చూసిన సమయం', 'టైప్ చేస్తున్నారు' అనే పలుకులు మనిషిని తెర ముందు నిలిపి ఉంచుతాయి. వీటిని ఆపివేసే వీలు సెట్టింగులలో ఉన్నది గాని, ఆపినవారిని చూసి 'ఏమి దాస్తున్నాడో' అనుకునే చుట్టాలూ ఉన్నారు. కుటుంబపు గ్రూపు నుండి తప్పుకుంటే పంక్తి మధ్యలో విస్తరి ముందు నుండి లేచినట్లే. ఫలానావారు వెళ్ళిపోయారని అందరికీ కనిపించేది. 2022లో ఆ మాట నిర్వాహకులకు మాత్రమే తెలిసేలా మార్చారు. ఆ మార్పు రావడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో ఊహించడం కష్టం కాదు.

మగ్గం పని వారి సంగతి ఇంకొక మెట్టు పైన ఉన్నది. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, నగరి ప్రాంతాల నేత కుటుంబాలకు చీర నమూనా ఫోటో, రంగుల ఎంపిక, ఆర్డరు, బాకీ లెక్క అన్నీ ఆ ఒక్క చోటనే ఉండవచ్చు. చిన్న వ్యాపారుల కోసం 2018లో వేరొక యాప్ వచ్చింది, 2019లో సరుకు జాబితా పెట్టుకునే వీలు వచ్చింది. ప్రభుత్వాలు కూడా అదే వాకిట నిలబడ్డాయి. చెన్నై మెట్రో టికెట్లు 2023 మే నుండి వాట్సాప్‌లో దొరుకుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరిట 161 సేవలను అందులోనే ప్రారంభించింది. ఆఫీసుల చుట్టూ తిరిగే శ్రమ తగ్గడం నిజమే. అయితే ఒక ప్రైవేటు సంస్థ వాకిలి గుండా తాలూకా ఆఫీసుకు పోయే దారి వేస్తే, ఆ వాకిలికి బలం ఎంత పెరుగుతుందో కూడా ఆలోచించవలసి ఉన్నది.

పోటీదారులు రాకపోలేదు. 2012 డిసెంబరులో మొదలైన మన దేశపు హైక్, బొమ్మలతో యువతను ఆకట్టుకుని కూడా 2021 జనవరిలో మూతపడింది. అదే నెలలో వాట్సాప్ కొత్త గోప్యతా నిబంధనలపై అలజడి రేగి, ఎంతోమంది టెలిగ్రామ్, సిగ్నల్ యాప్‌లను దించుకున్నారు. చెన్నైకి చెందిన జోహో సంస్థ 'అరట్టై' కూడా 2021లోనే వచ్చింది. తమిళంలో ఆ మాటకు పిచ్చాపాటి అని అర్థం. 2025 సెప్టెంబరు చివరలో దానికి ఒక్కసారిగా ఆదరణ పొంగింది. కొత్త యాప్ దించుకున్న వారిలో చాలామంది పాతది తీసివేయరు. కుటుంబపు గ్రూపు అక్కడే ఉన్నది మరి. 2021 నాటి నిబంధనల విషయంలో మన దేశపు పోటీ కమిషను 2024 నవంబరులో 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. ఐరోపా వారు మరొక దారి పట్టారు. పెద్ద సందేశపు యాప్‌లు ఇతర యాప్‌ల సందేశాలను కూడా స్వీకరించాలని చట్టం చేసి, వాట్సాప్‌ను అందులో చేర్చారు. నంబరు విషయంలో మన దేశం 2011లో చేసిన పనికి ఇది చెల్లెలి వంటిది. మన వద్ద అటువంటి నియమం లేదు.

అవ్వ గొంతు ఎక్కడ ఉన్నది?

సరిహద్దు తెలుగువారికి ఈ విషయంలో ఇంకొక ముడి ఉన్నది. 2006 నాటి తమిళ భాషాభ్యాస చట్టం తరువాత ఈ ప్రాంతపు పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఇంట తెలుగు మాట్లాడుతూ, తెలుగు లిపి చదవలేని తరం పెరిగింది. అటు నగరిలోని పిన్నికి తమిళం చదవరాదు. ఇద్దరికీ మధ్య 2013లో వచ్చిన వాయిస్ మెసేజి వంతెన అయింది. వ్రాయనక్కరలేదు, చదవనక్కరలేదు, బొత్తాము నొక్కి మాట్లాడితే చాలును.

అక్షరం వ్రాసిన వారికి కూడా ఒకసారి చుక్కెదురైంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు గుణింతంలోని ఒక రూపం ఐఫోనుకు చేరగానే సందేశపు యాప్‌లు కుప్పకూలాయి. ఒక్కోసారి ఫోనే నిలిచిపోయింది. ఐమెసేజ్, వాట్సాప్ రెండూ బాధితులే. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. జ్ఞానం, జ్ఞాపకం రెండూ ఆ అక్షరంతోనే మొదలుకావడం తెలుగువారికి మాత్రమే తెలిసిన విడ్డూరం.

జ్ఞాపకం వద్దనే అసలు చిక్కు ఉన్నది. పోయిన అవ్వ గొంతు, పసిబిడ్డ తొలి పలుకు, గల్ఫు నుండి నాన్న చెప్పిన మాట – ఇవన్నీ నేడు ఆ యాప్‌లోని వాయిస్ మెసేజిలలో ఉన్నవి. ఆండ్రాయిడ్ ఫోనులో వాటి బ్యాకప్ గూగుల్ ఖాతాకు పోతుంది; ఐఫోనులో ఆపిల్ వారి ఐక్లౌడ్‌కు పోతుంది. గూగుల్ బ్యాకప్‌ను ఐఫోను తెరవలేదు, ఐక్లౌడ్‌ది ఆండ్రాయిడ్ తెరవలేదు. యాప్ ఒక్కటే అయినా కొట్లు వేరు, తాళాలు వేరు. 2021 వరకు ఒక రకం ఫోను నుండి మరొక రకానికి మాటలను తరలించే అధికారిక మార్గమే లేదు. ఐఫోను నుండి సామ్‌సంగ్‌కు 2021లోను, ఆండ్రాయిడ్ నుండి ఐఫోనుకు 2022లోను దారి తెరిచారు. అంతకు ముందు బ్రాండు మార్చిన ఎందరి ఇళ్ళలోనో పాత గొంతులు పాత ఫోనుతోనే పోయాయి.

కొట్టుకు అద్దె కూడా మొదలైంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జి.బి. చోటులో ఒకప్పుడు వాట్సాప్ బ్యాకప్ లెక్కకు వచ్చేది కాదు. 2024 నుండి వస్తున్నది. ఐక్లౌడ్‌లో ఉచితం 5 జి.బి. మాత్రమే. ప్రతి ఉదయం వచ్చే శుభోదయం బొమ్మలు, ఎవరో పంపిన సినిమా ముక్కలు ఆ చోటును నింపివేస్తే, నెలనెలా డబ్బు కట్టమని ఫోను అడుగుతుంది. కట్టడానికి ముందు సెట్టింగులలోని 'స్టోరేజి' భాగం తెరచి, ఏ గ్రూపు ఎంత చోటు తిన్నదో చూసి, అనవసరమైన వీడియోలు తీసివేస్తే చాలామందికి ఆ ఖర్చు తప్పుతుంది.

ఫోను మార్చదలచిన వారు కొత్తది సిద్ధం చేసుకుని, తరలింపు ముగిసేవరకు పాత ఫోనును అమ్మరాదు, ఎక్స్‌చేంజికి ఇవ్వరాదు. ఆండ్రాయిడ్ నుండి ఆండ్రాయిడ్‌కు అయితే 2023 నుండి క్యూ.ఆర్. కోడు చూపి నేరుగా మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ నుండి ఐఫోనుకు అయితే, ఐఫోనును తొలిసారి తెరిచేటప్పుడే 'మూవ్ టు ఐఓఎస్' ద్వారా చేయాలి. వాడడం మొదలుపెట్టిన తరువాత చేయాలంటే దానిలోనివన్నీ తుడిచివేయవలసి వస్తుంది. బ్యాకప్‌కు పాస్‌వర్డు పెట్టుకున్న వారు దానిని కాగితంపై వ్రాసి ఇంటి పత్రాలతో ఉంచాలి. మరచిపోతే కంపెనీ వారు కూడా తెరవలేరు.

నంబరు మాట మరింత ముఖ్యం. అవతలి రాష్ట్రపు పాత సిమ్‌ను రీచార్జి చేయక వదిలివేసి, ఆ నంబరుతోనే వాట్సాప్ నడుపుతున్న పెద్దలు సరిహద్దు ఇళ్ళలో ఉండవచ్చు. కొంతకాలం వాడని నంబరును కంపెనీ రద్దు చేసి మరొకరికి ఇస్తుంది. ఆ కొత్తవారు వాట్సాప్ తెరిచిన నాడు పెద్దాయన ఫోనులో ఖాతా ఆగిపోతుంది. పాత నంబరుతో ఖాతా నడుస్తూ ఉండగానే సెట్టింగులలో 'నంబరు మార్చు' అన్నచోట కొత్త నంబరు ఇస్తే, గ్రూపులు, మాటలు చెక్కుచెదరవు. నంబరు వదలడం ఇష్టం లేనివారు దానిని ఈ సర్కిలులోని కంపెనీకి పోర్టు చేయించుకోవచ్చు.

ఇక అవ్వ గొంతు. ఆ మెసేజిని నొక్కి పట్టి, 'షేర్' ద్వారా గూగుల్ డ్రైవుకో ఇ-మెయిలుకో పంపితే అది విడి ఫైలు అవుతుంది. సంభాషణ కూడా కావాలంటే 'ఎక్స్‌పోర్ట్ చాట్' ఉన్నది. 'మీడియాతో సహా' అన్నదానిని ఎంచుకోవాలి. తెరచిన ఫైళ్ళను మెమరీ కార్డులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి దాచాలి. అవి వాట్సాప్ లేకున్నా చాలా ఫోన్లలో మోగుతాయి.